లగ్నం ఎక్కడ దొరికింది?

నాయనా,

సచిన్ టెండూల్కర్ జాతకం మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగు బాగుంది. మెచ్చుకోలు ఇక్కడితో ఆపేస్తున్నాను, ఎందుకంటే మూడో పేజీలో "సచిన్‌ది కన్యాలగ్నం, అందుకే అంత ఓపిక, అంత లెక్క" అన్నావు. ఆ లగ్నం, అంటే పుట్టిన క్షణాన తూర్పున ఉదయిస్తున్న రాశి, నీకెక్కడ దొరికింది? పుట్టిన సమయం తల్లి చెప్పిందా, ఆసుపత్రి రిజిస్టరులో ఉందా, ఎవరో వేసిన జాతకచక్రం చూసి ఎత్తి రాశావా? వ్యాసమంతా వెతికాను, ఆ సంగతి ఎక్కడా లేదు.

1973 ఏప్రిల్ 24, బొంబాయి. ఇందులో పేచీ లేదు. పేచీ అంతా పుట్టిన గంట దగ్గర. తిరుగుతున్న చక్రాల్లో లగ్నం ఒక్కోచోట ఒక్కోటి. లగ్నం సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది, ఒక డిగ్రీ కదలడానికి నాలుగు నిమిషాలు చాలు. నవాంశ, అంటే రాశిలో తొమ్మిదో వంతు, 3 డిగ్రీల 20 నిమిషాలు, అంటే గడియారంలో పదమూడు నిమిషాలు. రాశిలో అరవయ్యో వంతైన షష్ట్యంశకు రెండే నిమిషాలు. ఇప్పుడు షష్ట్యంశ లేనిదే వ్యాసం లేదన్నట్టుంది ఫ్యాషను. గంట తెలియనివాడికి షష్ట్యంశ వేయడం కళ్ళకు గంతలు కట్టుకుని సూదిలో దారం ఎక్కించడమే.

సమయం ఎంత నమ్మదగిందో గుర్తుపెట్టడానికి లోయిస్ రాడెన్ అనే అమెరికన్ జ్యోతిషురాలు అక్షరాలు పెట్టింది. జనన రికార్డు ఉంటే ఏఏ, మనిషో ఇంటివాళ్ళో చెబితే ఏ, జీవితచరిత్రలో దొరికితే బి, ఆధారం తెలియకపోతే సి, ఒకదానికొకటి పొసగని సమయాలుంటే డీడీ. నీ వ్యాసం మొదటి పేరాలో ఆ అక్షరం పడాలి. సంపాదకులు కత్తెరేసేది సరిగ్గా అక్కడే. "పాఠకుడికి అక్కర్లేదండీ, గ్రహాల కలయికలు, యోగాలు రాయండి" అంటారు. యోగాలు కోయమను, ఆ పేరా మాత్రం పోనివ్వకు.

ఇక యోగాలు. రవి మేషంలో ఉచ్చ, అంటే బలం ఎక్కువున్న రాశిలో ఉన్నాడు, అని అర పేజీ రాశావు. నిజమే, ఆ బలం పతాకస్థాయికి చేరే పరమోచ్చ, పదో డిగ్రీ దగ్గరే ఉన్నాడు. కానీ ఏటా ఏప్రిల్ 24 ప్రాంతంలో రవి అక్కడికే వస్తాడు. ఆ వారంలో పుట్టిన ప్రతి గుమస్తాకూ, ప్రతి కండక్టరుకూ అదే రవి. కుజుడు మకరంలో, ధనిష్ఠలో ఉచ్చ. అదీ సరే, కానీ కుజుడు ఒక రాశిలో సుమారు నెలన్నర కాపురముంటాడు. సచిన్‌కు మాత్రమే చెందింది ఏమిటో చెప్పగలిగేది లగ్నం, దాన్నుంచి లెక్కపెట్టే పన్నెండు భావాలు. నీ దగ్గర లేనివీ అవే.

గురుడు కూడా మకరంలోనే, కానీ బలహీనమైన నీచలో ఉన్నాడు, కుజుడు పక్కనున్నాడు కాబట్టి "నీచభంగ రాజయోగం" అని, నీచ పోయి రాజయోగమైందని తేల్చేశావు. ఏ సూత్రం ప్రకారం? నీచరాశి అధిపతి శని లగ్నానికో చంద్రుడికో కేంద్రంలో (1, 4, 7, 10 స్థానాల్లో) ఉండాలన్నది ఒకటి. చంద్రుడు ధనుస్సులో, శని వృషభంలో, అంటే చంద్రుడి నుంచి ఆరు. కేంద్రం కాదు. మకరంలో ఉచ్చపొందే కుజుడు కేంద్రంలో ఉండాలన్నది ఇంకొకటి. చంద్రుడి నుంచి అతను రెండు. అదీ కాదు. ఉచ్చగ్రహంతో కలిసి ఉంటే చాలనేవాళ్ళున్నారు, అది మాత్రం కుదురుతుంది. మిగతావాటికి లగ్నం కావాలి. ఏ సూత్రం తగిలిందో, ఏది తగల్లేదో రెండూ రాయి.

దశల దగ్గర, అంటే గ్రహాలు వంతులవారీగా జీవితాన్ని ఏలే కాలాల దగ్గర, నువ్వు మరీ తేలిగ్గా జారిపోయావు. ఆ రోజు చంద్రుడు పగలు పూర్వాషాఢ నక్షత్రంలో, రాత్రికి ఉత్తరాషాఢలో. పగలు పుట్టినవాడికి మొదటి దశ శుక్రుడిది, రాత్రి పుట్టినవాడికి రవిది. శుక్రదశ 20 ఏళ్ళు, నక్షత్రం 800 కళలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక కళ), చంద్రుడు గంటకు అరడిగ్రీ పైన కదులుతాడు. అంటే గంట తప్పితే మొదటి దశలో మిగిలిన కాలం, దశాశేషం, తొమ్మిది పది నెలలు జరుగుతుంది. వసంత విషువత్తుకూ మన మేషం మొదలుకూ ఉన్న దూరమే అయనాంశ. చిత్రపక్ష అయనాంశ బదులు రామన్ అయనాంశ పెడితే తేడా 1 డిగ్రీ 27 నిమిషాలు, దశలో రెండేళ్ళ పైమాటే. 1989 నవంబరు 15, కరాచీ, తొలి టెస్టు. ఆ తేదీ దశలోపలి ఏ అంతర్దశలో పడిందో నువ్వు పట్టుబట్టి చెప్పావు. ఏ అయనాంశతో?

ఇంకో పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. మన ప్రామాణిక సమయం 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశానిది. బొంబాయి సుమారు 72 డిగ్రీల 50 నిమిషాలు. గడియారంలో తేడా 39 నిమిషాలు. సాఫ్ట్‌వేర్ దాన్ని లోపలే సరిచేస్తుంది. మళ్ళీ చేత్తో తీసేస్తే లగ్నం పది డిగ్రీలు వెనక్కి పోతుంది.

సంఘటనలతో లగ్నం సరిదిద్దావనుకుందాం, తప్పులేదు. కానీ ఏ విజయాలు చూసి కన్యను కట్టావో ఆ విజయాలనే మళ్ళీ కన్యకు సాక్ష్యంగా పిలిచావు. కొలత తీసుకుని కుట్టిన చొక్కా ఒంటికి సరిపోయిందని ఆశ్చర్యపోవడమిది. పది సంఘటనలు రాసుకో, ఐదింటితో సమయం కట్టు, మిగతా ఐదూ కవరులో పెట్టి అంటించి తర్వాత తెరువు. 2004లో టెన్నిస్ ఎల్బో, 2011 ఏప్రిల్ 2న ప్రపంచకప్ గెలుపు, 2012 మార్చి 16న మీర్పూర్‌లో నూరో సెంచరీ కవరులోకి పోవాలి.

కవరులో 1999 మే కూడా పెట్టు. ప్రపంచకప్ మధ్యలో తండ్రి పోయారు. ఇంటికెళ్ళి, తిరిగొచ్చి, బ్రిస్టల్‌లో కెన్యా మీద 140 నాటౌట్. నువ్వు ఆ ఇన్నింగ్స్ గురించి రాసిన రెండు వాక్యాలు నన్ను పట్టుకున్నాయి. కానీ రవి పితృకారకుడు, పరమోచ్చలో ఉన్నాడు, అయినా కొడుక్కి 26 ఏళ్ళకే తండ్రి దూరమయ్యారు. ఆ ముక్క నీ వ్యాసంలో లేదు. లెక్కకు రాలేదని తీసేశావా, తోచలేదా?

వ్యాసం తిరిగి పంపుతున్నాను. కన్య అన్న ప్రతి చోటా పెన్సిలుతో సున్నా చుట్టాను, పదకొండు వచ్చాయి.