డబ్బు కట్టేముందు అంచు చదువు

చిరంజీవి రవికి, మామయ్య ఆశీస్సులు.

లిబర్టాస్ అమెరికానా పతకానికి బంగారు రీస్ట్రైక్, అంటే పాత పతకాన్ని తర్వాతి కాలంలో మళ్లీ కొట్టింది, కొందామనుకుంటున్నానని ఫోన్లో చెప్పావు. చాలా సంతోషమేసింది. 1783లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పారిస్‌లో పట్టుబట్టి చేయించిన పతకం అది. చెక్కింది డుప్రే అనే ఫ్రెంచి కళాకారుడు. ఒకవైపు జుట్టు విరబోసుకున్న స్వేచ్ఛాదేవి, రెండోవైపు రెండు పాముల్ని పిసికేస్తున్న పసి హెర్క్యులిస్. ఆ పసివాణ్ణి చూస్తే నాకు మన చిన్నికృష్ణుడే గుర్తొస్తాడు. అప్పట్లో బంగారంలో కొట్టించినవి రెండే, ఫ్రాన్స్ రాజుకొకటి, రాణికొకటి. అవి ఇప్పుడెక్కడున్నాయో తెలియదు. కాబట్టి నీకు ఎవరు బంగారుది చూపించినా, అది తర్వాత కొట్టిందనే అనుకో.

పతకం చేతికివ్వగానే బొమ్మ చూడకు, నిలబెట్టి అంచు చూడు. పారిస్ టంకశాల 1832 నుంచి అంచు మీద తన గుర్తు వేస్తోంది. మొదట దీపం, తర్వాత లంగరు, ఓడ ముక్కు, వేలు చూపే చెయ్యి, 1860 నుంచి తేనెటీగ. 1880 నుంచి పళ్లూ పూలూ పొంగే కొమ్ము. కొమ్ము ఉందంటే ఎంత పాతగా కనిపించినా అది 1880 తర్వాతిదే. పక్కనే లోహం పేరు ఉంటుంది. ఫ్రెంచిలో 'ఓర్' (OR) అంటే బంగారం, 'ఆర్జాన్' (ARGENT) అంటే వెండి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒక డీలర్ బంగారమని చెబితే, అమెరికా తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ పతకానికి రీస్ట్రైక్ ఒకటి కొన్నాను. పచ్చగా మెరుస్తోంది, పెట్టె కూడా బాగుంది. ఇంటికొచ్చి భూతద్దం పెడితే కొమ్ము పక్కన 'ఆర్జాన్' అని స్పష్టంగా ఉంది. వెండి మీద బంగారు పూత! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ధర దగ్గర గట్టిగా ఉండు. బరువు, స్వచ్ఛత రాయించుకుని, ఆరోజు బంగారం రేటు కట్టి, పైన కొద్దిగా ఇవ్వు. 1783 కథ చెప్పి పాత పతకం ధర అడిగితే లేచి వచ్చెయ్. పాత అచ్చుతో కొట్టారా, కొత్తగా చేసిన అచ్చుతోనా అని కూడా అడుగు.

ఇంట్లో దారంతో నీళ్లలో వేలాడదీసి తూచు. 31.1 గ్రాముల మేలిమి బంగారమైతే నీళ్లలో సుమారు 1.6 గ్రాములు తగ్గాలి. అంతకంటే బాగా ఎక్కువ తగ్గితే అనుమానించు. సరిగ్గా తగ్గినా పూర్తిగా నమ్మకు, టంగ్‌స్టన్ సాంద్రత కూడా దాదాపు అంతే. పెద్ద మొత్తమైతే ల్యాబ్‌లో చూపించు.

ఇంకొకటి, మీ అత్తయ్య నగల్ని కుంకుడురసంలో నానేసి బ్రష్‌తో తోమినట్టు దీన్ని మాత్రం తోమకు. సన్నని గీతలు పడితే మళ్లీ పోవు. ఎప్పుడూ అంచు దగ్గరే పట్టుకో, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టు.

నువ్వుండేది బాస్టన్‌లోనే కదా. వాషింగ్టన్‌కి ఇచ్చిన అసలు బంగారు పతకాన్ని 1876లో ఊరి పౌరులు చందాలేసుకుని కొని నగరానికిచ్చారు. అది పబ్లిక్ లైబ్రరీ వాళ్ల దగ్గరుంది. ప్రదర్శనకి పెడితే వెళ్లి చూడు, దాన్ని చెక్కిన డువివియే చేతిపని ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది.

ఈ లోపు డీలర్ని అంచు ఫొటో అడిగి నాకు వాట్సాప్ చెయ్. డబ్బు మాత్రం ఇంకా కట్టకు.