సీఏ ఇంటర్‌లో రెండో గ్రూప్ ముందు రాస్తే చెల్లుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి సీఏ ఫౌండేషన్ పాసై సీఏ ఇంటర్‌కు రిజిస్టర్ అయింది. కాస్టింగ్, ఫైనాన్స్ బాగా వచ్చు, లా, ట్యాక్స్ అంటే మాత్రం టెన్షన్. అందుకని రెండో గ్రూప్ ముందు రాసేసి, మొదటి గ్రూప్ తర్వాతి అటెంప్ట్‌లో రాస్తానంటోంది. విజయవాడలో కోచింగ్ వాళ్లేమో, మొదటి గ్రూప్ పాస్ కాకుండా రెండోది రాయడం రూల్స్‌కు విరుద్ధమనీ, రాసినా రిజల్ట్ క్యాన్సిల్ చేస్తారనీ చెప్పి మొదటి గ్రూప్ బ్యాచ్‌కే ఫీజు కట్టించుకున్నారు. మా బావగారి అబ్బాయి ఒక్క గ్రూప్ పాసైతే చాలు, ఆర్టికల్స్‌లో (ఆడిటర్ ఆఫీసులో చేసే ప్రాక్టికల్ శిక్షణ) చేరిపోవచ్చంటున్నాడు. తెలిసిన ఆడిటర్ గారు కూడా ముందు ఆఫీసుకు పంపండి, కాగితాల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. ఎవరి మాట నమ్మాలి? సీఏ పరీక్షలు జరిపే ఇన్‌స్టిట్యూట్ (ఐసీఏఐ) కాదంటే కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: మీ అమ్మాయి రెండో గ్రూప్ ముందు నిరభ్యంతరంగా రాయవచ్చు. కోచింగ్ వాళ్లు చెప్పిన రూల్ లేదు.

సీఏ పరీక్షలు 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం కింద జరుగుతాయి. ఆ చట్టంలోని సెక్షన్ 30 ఇచ్చిన అధికారంతో ఇన్‌స్టిట్యూట్ కౌన్సిల్ చేసినవే 1988 రెగ్యులేషన్లు. ఎవరు ఏ పరీక్ష ఎప్పుడు రాయాలో అవే చెబుతాయి. వాటి ప్రకారం సీఏ ఇంటర్‌లో ఉన్న రెండు గ్రూపులను విడివిడిగానైనా, ఒకేసారైనా రాయవచ్చు. విడిగా రాసేటప్పుడు మొదటిదే ముందు రాయాలన్న షరతు లేదు. దరఖాస్తులోనే గ్రూప్ 1, గ్రూప్ 2, రెండూ అని ఎంచుకునే వీలుంది. ఇంటర్ రిజిస్ట్రేషన్ తర్వాత 8 నెలల స్టడీ పీరియడ్ మాత్రం పూర్తయి ఉండాలి. కోచింగ్ సెంటర్లు తమ బ్యాచ్‌ల వీలును బట్టి మొదటి గ్రూప్‌తో మొదలుపెట్టుకుంటాయి. అది వాళ్ల టైమ్‌టేబుల్, చట్టం కాదు.

చట్టం ఒప్పుకుంటుంది సరే, మీ అమ్మాయికి లాభమేది? మార్కుల రూల్ చూశాక నిర్ణయం తీసుకోండి, ఎందుకంటే చాలామంది నష్టపోయేది ఇక్కడే. ఒక గ్రూప్ పాస్ కావాలంటే ప్రతి పేపర్లో కనీసం 40, గ్రూప్ మొత్తం మీద 50 శాతం రావాలి. అంటే మూడు పేపర్లకు 300కు 150. రెండు గ్రూపులూ ఒకే అటెంప్ట్‌లో రాసినవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. ప్రతి పేపర్లో 40 వచ్చి, ఆరు పేపర్లూ కలిపి 600కు 300 వస్తే రెండు గ్రూపులూ పాసే.

మీ అమ్మాయికి అకౌంటింగ్‌లో 48, లాలో 42, ట్యాక్స్‌లో 45 వచ్చాయనుకోండి. మొత్తం 135, అంటే మొదటి గ్రూప్ ఒక్కటే రాస్తే ఫెయిల్. అదే అటెంప్ట్‌లో రెండో గ్రూప్ కూడా రాసి కాస్టింగ్‌లో 66, ఆడిటింగ్‌లో 52, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ పేపర్లో 57 తెచ్చుకుంటే అక్కడ 175. రెండూ కలిపి 310, కాబట్టి ఫెయిల్ కావాల్సిన మొదటి గ్రూప్ కూడా గట్టెక్కుతుంది. రెండో గ్రూప్ ముందే విడిగా రాసేస్తే ఆ పైనున్న 25 మార్కులు తర్వాతి అటెంప్ట్‌కు రావు. ఒక గ్రూప్‌లో బలం, ఇంకోదాంట్లో బలహీనత ఉన్న విద్యార్థికే ఈ రూల్ ఎక్కువగా పనికొస్తుంది. మీరు రాసిన వివరాల ప్రకారం మీ అమ్మాయి పరిస్థితి అదే. కలిపి రాసి మొదటిది పోయినా, రెండో గ్రూప్‌లో విడిగా 50 శాతం ఉంటే ఆ పాస్ ఎక్కడికీ పోదు. ఆరు పేపర్లు ఒక్కసారి చదవగలదా అన్నది మీరూ ఆమె కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. చదవగలదనుకుంటే నా సలహా కలిపి రాయమనే.

ఇంకో జాగ్రత్త. గ్రూప్ ఫెయిలైనా ఏదైనా పేపర్లో 60 వస్తే తర్వాతి మూడు అటెంప్ట్‌ల వరకు ఆ పేపర్‌కు ఎగ్జంప్షన్ వస్తుంది, అంటే దాన్ని మళ్లీ రాయనక్కర్లేదు. అయితే ఆ గ్రూప్‌లోని పేపర్లన్నిటికీ హాజరై ఉండాలి. ట్యాక్స్ పేపర్ కష్టంగా ఉంటుందని ఆ రోజు ఇంట్లో కూర్చుంటే, లాలో వచ్చిన 60 కూడా పనికిరాకుండా పోతుంది.

ఇక మీ బావగారి అబ్బాయి మాట. అతను చెప్పింది ఒకప్పుడు నిజమే. పాత పద్ధతిలో ఒక గ్రూప్ పాసైతే మూడేళ్ల ఆర్టికల్స్‌లో చేరేవాళ్లు. 2023 జూలై 1 నుంచి అది మారింది. ఇప్పుడు సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ పాసై, ఐటీ, ఓరియంటేషన్ శిక్షణ పూర్తిచేశాకే ఆర్టికల్స్ మొదలవుతాయి, కాలం రెండేళ్లు. అది ముగిశాక ఇంకో ఆరు నెలలకు గానీ ఫైనల్ రాయడానికి అర్హత రాదు. సెల్ఫ్ పేస్డ్ ఆన్‌లైన్ మాడ్యూళ్లు, అడ్వాన్స్‌డ్ ఐటీ శిక్షణ కూడా ఫైనల్‌కు ముందే పూర్తి కావాలి. ఫైనల్‌లో మళ్లీ ఏ గ్రూప్ ముందు రాసినా అభ్యంతరం లేదు. ఒక మెట్టు లోపల గ్రూపుల వరుస విద్యార్థి ఇష్టం, మెట్టుకూ మెట్టుకూ మధ్య వరుస మాత్రం తప్పడానికి వీల్లేదు.

ఆడిటర్ గారి మాట మంచి మనసుతో అన్నదే కావచ్చు, కానీ ఒప్పుకోకండి. రెండు గ్రూపులూ పాస్ కాకముందు ఆఫీసులో ఎన్ని నెలలు పనిచేసినా అందులో ఒక్క రోజు కూడా ఆర్టికల్స్ కింద లెక్కకు రాదు. ఆర్టికల్స్ మొదలైన 30 రోజుల్లోగా వాటి నమోదు పత్రం, ఫారం 103, ఇన్‌స్టిట్యూట్‌కు చేరాలి. తర్వాత చూద్దామని చివరికి తేదీలు వెనక్కి వేస్తే అది తప్పుడు పత్రం. ఆడిటర్ గారి మీద వృత్తిపరమైన దుష్ప్రవర్తన కేసు వస్తుంది, మీ అమ్మాయి శిక్షణ రద్దయ్యే ప్రమాదమూ ఉంది. ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లకు ఆ మచ్చ ఎందుకు? పని నేర్చుకోవాలని సరదా ఉంటే సెలవుల్లో వెళ్లనివ్వండి, అది ఆర్టికల్స్ కాదని అందరికీ స్పష్టంగా తెలిసి.

కోర్టు సంగతి. ఇన్‌స్టిట్యూట్ చట్టం పెట్టిన సంస్థ కాబట్టి రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఆఫీసు ఢిల్లీలో ఉన్నా, వివాదంలో కొంత భాగమైనా ఇక్కడ జరిగితే అమరావతిలోని మన హైకోర్టు వినగలదు. రెండో గ్రూప్‌కు అర్హత ఉండి కూడా దరఖాస్తు తిరస్కరిస్తే ఆ రిట్‌కు బలం ఉంటుంది. కానీ ఒక్క గ్రూప్‌తో ఆర్టికల్స్‌లో చేర్చుకోమని ఆదేశించండంటే కోర్టు ఒప్పుకోదు. ఏపీ క్రిస్టియన్స్ మెడికల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో, 1986లో, అనుమతి లేని కాలేజీ విద్యార్థులను పరీక్ష రాయనివ్వమని అడిగితే, తన చట్టాన్ని తానే ఉల్లంఘించమని విశ్వవిద్యాలయాన్ని ఆదేశించలేమని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. పిల్లల మీద జాలి ఉన్నా ఆ గీత దాటలేదు.

రిజల్ట్ క్యాన్సిల్ భయం గురించి కూడా ఒక మాట. 1976లో శ్రీకృష్ణన్ కేసులో, హాజరు తక్కువైన లా విద్యార్థిని పరీక్ష రాయనిచ్చాక కురుక్షేత్ర విశ్వవిద్యాలయం అతని అభ్యర్థిత్వాన్ని రద్దు చేస్తే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. దరఖాస్తును ముందే సరిచూసుకోవాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయానిదేనని, విద్యార్థి మోసం ఏమీ చేయలేదని చెప్పింది. కాబట్టి దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచిపెట్టినవాళ్లను ఈ తీర్పు కాపాడదు.

వినియోగదారుల కమిషన్‌కు ఇన్‌స్టిట్యూట్ మీద వెళ్లి లాభం లేదు. పరీక్షలు జరిపే బోర్డు సేవలు అమ్మే సంస్థ కాదని 2009లో బిహార్ స్కూల్ ఎగ్జామినేషన్ బోర్డు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోచింగ్ సెంటర్ సంగతి వేరు. లేని రూల్ ఉందని చెప్పి ఫీజు కట్టించుకున్నారు గనుక, ముందు బ్యాచ్ మార్చమనో, ఫీజు వెనక్కి ఇవ్వమనో రాతపూర్వకంగా అడగండి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు కాబట్టి, మొదటి గ్రూపే రాయాలని ఏ రూల్‌లో ఉందో వాట్సాప్‌లో అడిగి జవాబు దాచుకోండి. కరపత్రంలోనో ప్రకటనలోనో ఆ మాట ఉంటే, కోచింగ్ ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2024 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా మీకు తోడవుతాయి. దారికి రాకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయవచ్చు, విజయవాడ తిరగనక్కర్లేదు. గడువు రెండేళ్లు.

దరఖాస్తు పెట్టే ముందు ఇంటర్ రిజిస్ట్రేషన్ లెటర్‌లో తేదీ చూసి 8 నెలలు ఎప్పటికి నిండుతాయో లెక్క వేసుకోండి. గ్రూప్ పొరపాటుగా ఎంచుకుంటే గడువు ముగిశాక తెరిచే కరెక్షన్ విండోలో మార్చుకోవచ్చు. అడ్మిట్ కార్డు రాగానే గ్రూప్, పేపర్లు, సెంటర్ సరిచూడండి. తేడా ఉంటే పరీక్ష రోజు దాకా ఆగకుండా ఆ రోజే ఇన్‌స్టిట్యూట్‌కు మెయిల్ పెట్టి, కాపీ దగ్గర ఉంచుకోండి.