మందు దొరకని దేశానికి పోతే మానేస్తామా?

సిరొంచ, అహేరి వైపు నుంచి కువైట్ వచ్చే తమ్ముళ్ళు ఇంట్లో తరచూ ఒకే మాట చెప్పి బయల్దేరతారు: "అక్కడ మందు బంద్, దానంతటదే మానుతా." మహారాష్ట్రలోని మన గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధమే. ఇప్పసారా ఆగిందా? తాగించే కారణం మనతోనే వస్తుంది తమ్మీ.

రోజూ తాగేవాళ్ళకు మొదటి గండం కువైట్‌లో దిగిన రోజే, మందు ఒక్కసారిగా ఆగిపోతుంది కాబట్టి. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేని మనుషులు కనిపించడం, అయోమయంగా మాట్లాడటం మొదలైతే ప్రాణం మీదికొచ్చినట్టే. ఎండలో కొత్త పని కాబట్టి పక్కవాళ్ళు వడదెబ్బ అనుకుంటారు. అందుకే ప్రయాణానికి నెల ముందే డాక్టరుకు రోజుకెంత తాగుతున్నారో దాచకుండా చెప్పండి. వణుకు తగ్గే మాత్రలు, బి1 విటమిన్ ఇచ్చి మెల్లగా మాన్పిస్తారు. సొంతంగా ఒక్కసారే ఆపొద్దు. మిగిలిన మాత్రలు బ్యాగులో పెట్టుకుని రావద్దు, ఇక్కడ వాటిమీద గట్టి ఆంక్షలున్నాయి.

ఇక్కడికొచ్చాక దొంగచాటు మందుతో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళూ ఉన్నారు. ఎక్కువగా నిద్ర కోసమే. తాగితే త్వరగా నిద్ర పట్టే మాట నిజమే, కానీ మత్తు దిగగానే తెల్లవారుజామున మెలకువ వస్తుంది, మళ్ళీ పట్టదు. కొన్నాళ్ళకు అదే నిద్రకు ఇంకో గ్లాసు కావాలి. ఏజెంటు అప్పు, వడ్డీ గుండెలమీద కూర్చోవడం ఇంకో కారణం. మొదటి మూడు నెలలు డబ్బు సరిగ్గా అందదని బయల్దేరకముందే ఇంట్లో చెప్పండి, సగం బరువు దిగుతుంది. శుక్రవారం సెలవని గురువారం రాత్రి రూములో సీసా తెరిస్తే వంట మీ వంతుకు తీసుకోండి. పని చేతిలో ఉంటే గ్లాసు పట్టించే బలవంతం తగ్గుతుంది.

2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మందుకు 23 మంది పోయారు. అందులో కలిసే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ రంగుకీ రుచికీ పట్టుబడదు. తాగిన వెంటనే మామూలు మత్తే. 12 నుంచి 24 గంటల తర్వాత వాంతులు, కడుపునొప్పి, చూపు మంచు కమ్మినట్టవడం. "పడుకుంటే తగ్గుతుంది" అని రూములో ఉంచేస్తే కళ్ళు పోతాయి, ప్రాణమూ పోతుంది. వెనక్కి పంపేస్తారన్న భయం పక్కనపెట్టి 112కు ఫోన్ చేయండి. ఏం తాగారో, ఎన్నింటికి తాగారో చెప్పండి. విరుగుడు ఉంది, డయాలసిస్ ఉంది, ఆలస్యమే చంపుతుంది. అదే సీసాలోంచి తాగినవాళ్ళు బాగానే ఉన్నా వెంట ఆస్పత్రికి రావాల్సిందే.