నాసిక్ ద్రాక్షతోటలకు వెళ్లేవారి ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఫిబ్రవరిలో ఒక శని, ఆదివారాలు నాసిక్ వెళ్లి అక్కడి వైన్ తయారీ కేంద్రాలైన వైనరీలలో, రకరకాల వైన్లను కొద్దికొద్దిగా రుచి చూపించే టేస్టింగ్‌లకు హాజరు కావాలని నేను, నా భర్త అనుకుంటున్నాము. త్ర్యంబకేశ్వర దర్శనం కోసం మా అత్తగారు కూడా వస్తానంటున్నారు. ఆవిడ మద్యం ముట్టరు. ఈ రెండూ ఒకే ప్రయాణంలో కుదురుతాయా? ఎన్ని వైనరీలు చూడవచ్చు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: నిశ్చింతగా కుదురుతాయి. మీరు ఎంచుకున్న నెల కూడా ఎంతో అనువైనది. యూరప్‌లో మాదిరిగా నాసిక్‌లో ద్రాక్షతీగ చలికాలమంతా నిద్రాణంగా ఉండదు కనుక, అక్కడి రైతులు ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరోసారి తీగలను కత్తిరిస్తారు. ఈ రెండో కత్తిరింపు తరువాత పడిన గుత్తులు జనవరి నుంచి మార్చి దాకా కోతకు వస్తాయి. ఆ రోజుల్లో వెళితే తోట నుంచి పళ్ల బుట్టలు రావడం, యంత్రంలో కాడలు వేరుపడడం, స్టీలు ట్యాంకులలో రసం పులియడం కళ్లారా చూడవచ్చు. వానాకాలంలో తోటలు పచ్చగా కనువిందు చేస్తాయి గాని, వైన్ తయారీలో అసలు పని అప్పుడు కనిపించదు.

అక్కడివారిని అడిగి రెడ్ వైన్‌కు వాడే షిరాజ్ రకం ద్రాక్షపండు ఒక్కటి నోట్లో వేసుకోండి. మన హైదరాబాద్ చుట్టుపక్కల పండిన అనాబ్-ఎ-షాహి ద్రాక్షలా అది పెద్దగా, కండగా ఉండదు. చిన్నదిగా, మందపాటి తొక్కతో, గింజలతో ఉంటుంది. రసం తియ్యగా దిగిపోయాక తొక్కను నములుతూ ఉంటే నాలుక అంచులను పట్టేసే వగరు తెలుస్తుంది. కొంతసేపటి తరువాత రెడ్ వైన్ గ్లాసులో మీకు ఎదురయ్యేది ఆ వగరే.

వైనరీల సంఖ్య విషయంలో నా అభిప్రాయం గట్టిది: రోజుకు రెండుకు మించవద్దు. ఒక్కో టేస్టింగ్‌లో అయిదారు రకాలు, రకానికి సుమారు 30 మిల్లీలీటర్ల చొప్పున పోస్తారనుకుంటే, ఒక్కచోటనే 150 నుంచి 180 మిల్లీలీటర్లు అవుతుంది. వైన్‌లో ఆల్కహాల్ సాధారణంగా 12 నుంచి 14 శాతం. మూడో చోటికి చేరేసరికి నాలుకకు తేడా తెలియదు సరికదా, కారు నడిపేవారి రక్తంలో ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు మించకూడదన్న చట్టపరిమితిని కూడా అంతకుముందే దాటిపోవచ్చు. అందుచేత ఇద్దరిలో ఒకరు తక్కువ తాగి కారు నడుపుదామనే ఏర్పాటు వద్దు. డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోండి.

శనివారం గంగాపూర్ ఆనకట్ట వైపు కేటాయించండి. అక్కడ సులా, యార్క్ వైనరీలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. రాజీవ్ సామంత్ స్థాపించిన సులాలో 2005 నుంచే టేస్టింగ్ గది నడుస్తోంది. వారాంతాల్లో రద్దీ విపరీతం కనుక ఉదయం మొదటి టూర్‌కే ముందుగా బుక్ చేసుకోండి. టూర్‌లో చూడడం, వినడమే ప్రధానం కాబట్టి మీ అత్తగారు కూడా రావచ్చు. యార్క్‌కు సాయంత్రం వెళ్లండి. మేడమీది నుంచి ఆనకట్ట నీళ్లు కనిపిస్తాయి. బ్రహ్మగిరిలో పుట్టి రాజమహేంద్రవరం దాకా వచ్చే మన గోదావరి నీళ్లే అవి అని చెబితే, ఆవిడకు ఆ సాయంత్రం మరింత ఆప్తంగా తోస్తుందని నా నమ్మకం.

ఆదివారం పెందలాడే, ఏ టేస్టింగూ పెట్టుకోకముందే, నాసిక్‌కు సుమారు 30 కిలోమీటర్లలో ఉన్న త్ర్యంబకేశ్వరానికి వెళ్లిరండి. పెద్దావిడను క్యూలో తొందరపెట్టడం గాని, టేస్టింగ్ గది బయట గంటలకొద్దీ కూర్చోబెట్టడం గాని న్యాయం కాదు. దర్శనం త్వరగా ముగిసి, ఆవిడకు ఓపిక ఉంటేనే ఇగత్‌పురి వైపున్న వలోనె వంటి చిన్న వైనరీకి ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. సులా సంస్థ 2021లో యార్క్‌ను కొనుగోలు చేసింది కనుక, వేరొకరి చేతి వైన్ రుచి చూడాలంటే ఈ మూడోది అవసరమే. మహాశివరాత్రి వారాన్ని మాత్రం తప్పించండి.

ప్రశ్న: నేనెప్పుడూ వైన్ రుచి చూడలేదు. పోసినదంతా తాగకపోతే మర్యాద తప్పినట్టవుతుందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఎంతమాత్రం కాదు. ఒక గుక్క నోటినిండా తిప్పి, అక్కడ ఉంచిన పాత్రలో ఉమ్మివేయడం, గ్లాసులో మిగిలినది అందులోనే వంచేయడం ఈ రంగంలో పనిచేసేవారు రోజూ చేసేదే. నచ్చలేదని చెప్పడానికీ సంకోచించకండి. ఏది నచ్చలేదో తెలిస్తేనే పోసేవారు మీకు తగినది చూపగలుగుతారు. ముందు వైట్, తరువాత రెడ్, చివర తీపి వైన్ ఇస్తారు. బరువైన రుచి తరువాత తేలికైనది నాలుకకు అందదు కనుక ఆ వరుసను మార్చమనకండి. తాగేముందు గ్లాసును మెల్లగా తిప్పి వాసన చూడండి. సావిన్యో బ్లాంక్ అనే వైట్ వైన్‌లో కోసిన పచ్చిగడ్డి, జామకాయ వాసన, షిరాజ్‌లో మిరియాల ఘాటు చాలామందికి మొదటిసారే తెలుస్తాయి. వైట్ వైన్‌కు పళ్లను పిండి తొక్క తీసేసిన రసాన్నే పులియబెడతారు. రెడ్‌కు తొక్కతో సహా పులియబెడతారు కాబట్టి రంగూ, వగరూ దిగుతాయి. ఆ వగరు మొదట్లో ఇబ్బందిగా ఉంటే చెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌తో ప్రారంభించండి. ఆ ఉదయం అత్తరు పూసుకోవద్దు. అది పక్కవారి గ్లాసును కూడా పాడుచేస్తుంది. ఖాళీ కడుపుతో అసలే వెళ్లవద్దు.

ప్రశ్న: నచ్చిన సీసాలు నాలుగైదు ఇంటికి తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: వద్దనే చెబుతాను. తెలంగాణలో సుంకం చెల్లించని, ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చిన మద్యాన్ని ఎక్సైజ్ అధికారులు రైళ్లలో, బస్సులలో తనిఖీ చేసి పట్టుకుంటారు. నచ్చిన వైన్ లేబుల్‌ను, దానిపై ఉన్న సంవత్సరంతో సహా ఫోటో తీసుకోండి. నాసిక్ వైన్లు కొన్ని హైదరాబాద్ దుకాణాల్లోనే దొరుకుతాయి. కొన్నాక సీసాను ఫ్రిజ్ పైనో, వంటింటి అలమరలోనో పెట్టకండి, వేడికి రుచి చెడుతుంది. వైట్ వైన్ అయితే ఏడాది, రెండేళ్లలోపే తాగడం మంచిది. మూత తీసిన సీసాను బిగించి ఫ్రిజ్‌లో ఉంచి, రెండు మూడు రోజుల్లో ముగించండి.