దేశం కోసం చేసే యుద్ధంలో ఏం చేసినా న్యాయమేనా? ఇజ్రాయెల్, పాలస్తీనా విషయంలో నా జవాబు

మీరు అడిగింది ఇది: "యూదులకు సొంత దేశం కావాలన్నది న్యాయమే అయితే, దాన్ని కాపాడుకోవడానికి గాజాలో చేసిన యుద్ధం కూడా న్యాయమే కావాలి కదా? అలా కాదంటే, పాలస్తీనా వాళ్ల పోరాటం న్యాయమైనదనీ, 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మీద జరిగిన దాడి కూడా అందులో భాగమేననీ ఒప్పుకోవాలి కదా?" ఈ రెంటిలో దేన్నీ ఒప్పుకోనక్కరలేదని నా జవాబు. దేశం ఉండే హక్కు ఒక లెక్క, యుద్ధంలో మనిషి మీద చేసే పని మరొక లెక్క. మొదటి లెక్కలో మిగులు ఎంత ఉన్నా, దానితో రెండో లెక్కలోని అప్పు తీరదు. ఈ అభిప్రాయానికి నేను ఎలా వచ్చానో చెబుతాను.

నేను కోనసీమలో రాజోలు దగ్గరి పల్లె నుంచి 2014లో ఇజ్రాయెల్ వెళ్లి, టెల్ అవీవ్‌ను ఆనుకుని ఉన్న బాట్ యామ్‌లో ఒకే వృద్ధురాలి దగ్గర పదేళ్లు సంరక్షకురాలిగా పనిచేశాను. బయలుదేరే ముందు ఆదివారం మా సంఘంలో పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి, దేవుడు ఏర్పరచుకున్న ప్రజల మధ్యకు వెళ్తున్నానని ప్రార్థన చేసి పంపించారు. అప్పటికి ఇశ్రాయేలు అంటే నాకు తెలిసినది పరిశుద్ధ గ్రంథంలోని పేరే. ఆ నేల మీద మరొక జాతికి కూడా ఇళ్లు, తోటలు, సమాధులు ఉండేవని నాకు మొట్టమొదట చెప్పింది, నేను రోజూ స్నానం చేయించి అన్నం తినిపించిన ఆ యూదు అవ్వే.

అక్కడి అలవాటు ప్రకారం ఆమెను 'సవ్‌తా' అని పిలిచేదాన్ని. మన నాయనమ్మ, అమ్మమ్మ అన్న రెండు వరుసలకూ వాళ్లకు అదే మాట. ఆమె 1929లో ఉత్తర ట్రాన్సిల్వేనియాలో పుట్టారు. 1944 మే, జూలై నెలల మధ్య హంగరీ పాలనలో ఉన్న ప్రాంతాల నుంచి 4 లక్షలకు పైగా యూదులను రైళ్లలో తరలించారు, అత్యధికులను నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌కే. పదిహేనేళ్ల పిల్లగా ఆమె కూడా ఆ రైలు ఎక్కారు. తల్లినీ ఇద్దరు తమ్ముళ్లనూ రైలు దిగిన రోజే చంపేశారు. యుద్ధం ముగిశాక ఆమె ఒంటరిగా సొంత ఊరికి తిరిగి వెళ్లి ఇంటి తలుపు తట్టితే, తలుపు తీసిన పరాయి మనిషి భుజాల మీద ఆమె తల్లి శాలువా ఉందట. ఆమె అక్కడి నుంచి మాట్లాడకుండా వెనక్కి వచ్చేశారు.

1949లో భర్తతో ఇజ్రాయెల్ చేరితే, వాళ్లకు టెల్ అవీవ్ పక్కనున్న జాఫాలో ఒక అరబ్బు ఇంట్లో రెండు గదులు ఇచ్చారు. 1948కి ముందు జాఫాలో సుమారు 70 వేల మంది అరబ్బులు ఉండేవారు. ఇజ్రాయెల్ ఏర్పడిన ఆ ఏడాది జరిగిన యుద్ధం తరవాత మిగిలింది 4 వేలలోపే. చాలామంది సముద్రం మీద పడవల్లో గాజాకు పోయారు. ఆ ఇంటి వంటగదిలో ఒక నల్లరాతి రోలు ఉండిపోయింది. చిన్నది, మన పచ్చడి రోలంత. లోపలి గుంట అరిగి అద్దంలా నునుపు తేలింది. ఎన్ని ఇళ్లు మారినా సవ్‌తా దాన్ని వదిలిపెట్టలేదు. నేను అందులో అల్లం వెల్లుల్లి దంచుతుంటే ఒకరోజు, "జాగ్రత్త, అది నాది కాదు" అన్నారు. ఎవరిదని అడిగాను. "ఆ ఇంటి వాళ్లది. వచ్చి అడిగితే ఇచ్చేద్దామని ఉంచాను. ఎవరూ రాలేదు. రానివ్వలేదు కదా" అన్నారు. మరి ఇల్లు అడిగితే ఇచ్చేవారా అని నేను అడిగినప్పుడు ఆమె చాలాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. చివరికి, "ఇల్లు ఇచ్చేస్తే నన్ను మళ్లీ ఆ శాలువా మనిషి దగ్గరికి పంపిస్తావా?" అన్నారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మనం దేశం అనే ఒక్క మాటలో నేలనూ, జాతినీ, రాజ్యాన్నీ కలిపేస్తాం. యూదు జాతికి తనను కాపాడే ఒక రాజ్యం కావలసి వచ్చిందనడానికి 1938లో ఎవియాన్ సమావేశం ఒక్కటే చాలు. శరణార్థుల కోసం అక్కడ కూడిన 32 దేశాల్లో దాదాపు అన్నీ సానుభూతి చెప్పి తలుపులు మూసుకున్నాయి. మరుసటి ఏడాది, అప్పట్లో పాలస్తీనాను ఏలుతున్న బ్రిటన్ కూడా అక్కడికి వచ్చే యూదుల సంఖ్యను అయిదేళ్లకు 75 వేలని కట్టడి చేసింది. అయితే ఆ రాజ్యం నిలవవలసిన నేల ఖాళీగా లేదు. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానం చేసేనాటికి అక్కడ సుమారు 13 లక్షల అరబ్బులు, 6 లక్షల యూదులు ఉన్నారు. తీర్మానం సగానికి పైగా భూమిని యూదు రాజ్యానికి కేటాయించింది. 33 దేశాలు అనుకూలంగా, 13 వ్యతిరేకంగా ఓటు వేశాయి. వ్యతిరేకించిన వాటిలో మన దేశం ఒకటి. సొంత విభజన నెత్తురు ఇంకా ఆరని ఆ రోజుల్లో భారత్, ఇరాన్, యుగోస్లావియాల ప్రతినిధులు నేలను చీల్చవద్దనీ, రెండు జాతులకూ కలిపి ఒక సమాఖ్య ఏర్పరచాలనీ ప్రతిపాదించారు. అది నెగ్గలేదు. తరవాతి యుద్ధంలో 7 లక్షలకు పైగా పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు, దాన్నే వాళ్లు నక్బా అంటారు. ఆ తరవాతి సంవత్సరాల్లో అరబ్బు దేశాల నుంచి సుమారు 8 లక్షల యూదులు కూడా ఇళ్లు వదిలి రావలసి వచ్చింది. ఈ రెంటిలో ఒకదాన్ని మాత్రమే చెప్పేవారిని నేను నమ్మను.

మన రాష్ట్ర విభజనతో దీన్ని పోల్చి మాట్లాడేవారిని చూశాను. ఆ పోలిక తప్పు. 2014లో మన దగ్గర ఎవరి పౌరసత్వమూ పోలేదు, ఎవరి ఓటూ పోలేదు. 1967 జూన్ యుద్ధం తరవాత ఇజ్రాయెల్ అధీనంలోకి వచ్చిన వెస్ట్ బ్యాంకులో, అంటే జోర్డాన్ నదికి పడమటి పాలస్తీనా ప్రాంతంలో, ఒకే కొండకు ఇటువైపు ఉన్న పాలస్తీనీయుడికి సైనిక న్యాయస్థానం, అటువైపు స్థిరపడ్డ ఇజ్రాయెలీకి పౌర న్యాయస్థానం. ఆక్రమించిన నేలలోకి సొంత జనాన్ని తరలించకూడదని 1949 నాలుగో జెనీవా ఒప్పందం చెబుతోంది. ఆ ఆక్రమణ చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జూలై 19న అభిప్రాయం ప్రకటించింది. తమకు రాజ్యం లేకపోతే ఏమవుతుందో సవ్‌తా తరం వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అలాంటివాళ్ల రాజ్యమే మరొక జాతిని యాభై ఏళ్లకు పైగా రాజ్యం లేకుండా ఉంచడం నాకు అన్నిటికంటె బాధ కలిగించిన విషయం.

ఇక యుద్ధం సంగతి. అక్టోబరు 7 శనివారం, ఉదయం ఆరున్నర. సైరన్ మోగిన తరవాత షెల్టర్ చేరడానికి బాట్ యామ్‌లో 90 సెకన్ల వ్యవధి ఉంటుంది. గాజా కంచె పక్కనున్న స్దెరోత్ వాళ్లకు 15 సెకన్లే. మాది పాత భవనం, ఇంట్లో రక్షణ గది లేదు, నేలమాళిగలో ఉమ్మడి షెల్టర్ ఉంది. తొంభై నాలుగేళ్ల మనిషిని మూడు అంతస్తులు దింపడం 90 సెకన్లలో అయ్యే పని కాదు. మెట్ల మలుపులో, కిటికీలు లేని గోడకు ఆనించి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, నేను ముందు నిలబడ్డాను. ఆమె పెదవులు హంగేరియన్‌లో అంకెలు లెక్కపెడుతున్నాయి.

ఆ రోజు గాజాను ఏలుతున్న సాయుధ సంస్థ హమాస్, దానితో వచ్చినవాళ్లు సుమారు 1,200 మందిని చంపి, 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. నీర్ ఓజ్ అనే ఒక్క ఊళ్లోనే దాదాపు నాలుగో వంతు జనం చనిపోవడమో బందీలు కావడమో జరిగింది. అలుమిమ్ అనే ఊళ్లో వ్యవసాయం నేర్చుకోవడానికి వచ్చిన 10 మంది నేపాలీ విద్యార్థులను చంపారు. పొలాల్లో పనిచేసే థాయ్ కూలీలను చంపారు. వాళ్లంతా నాలాగే పొట్టకూటి కోసం, చదువు కోసం సముద్రాలు దాటి వచ్చినవాళ్లు. ఆక్రమణ నిజం, గాజాను 2007 నుంచి దిగ్బంధంలో ఉంచడం నిజం. కానీ ఇంట్లో దాక్కున్న ముసలివాళ్లనూ పిల్లలనూ వెతికి చంపినవాడు తన దేశపు హక్కును వాడుకోలేదు, పాడుచేశాడు. మన ఊరి వాట్సాప్ గ్రూపుల్లో "ఇజ్రాయెల్‌లో అందరూ సైనికులే" అని రాసినవారికి నేను ఈ మాటే చెప్పాను.

రెండు వారాలకు దాదాపు అలాంటి మాటే అటువైపు నుంచీ విన్నాను. బస్సులో ఒకాయన, గాజాలో అమాయకులు ఎవరూ లేరన్నారు. సవ్‌తా పడకపుండ్లకు కట్టు కట్టడానికి వారానికి రెండుసార్లు ఒక నర్సు వచ్చేది. ఆమె జాఫాలో మిగిలిపోయిన అరబ్బు కుటుంబంలో పుట్టింది, ఇజ్రాయెల్ పౌరురాలు. ఆమె అమ్మమ్మ తోబుట్టువులు 1948లో పడవలో గాజాకు పోయారు. వాళ్ల సంతానం నుంచి ఫోనుకు సందేశం వస్తే ఆమె వంటింట్లోకి వచ్చి, రోలు పక్కన నిలబడి చదువుకునేది. హాల్లో సవ్‌తా మనవడి సైనిక దుస్తులు ఆరవేసి ఉండేవి. రిజర్వు సైనికుడిగా అతనికి అక్టోబరులోనే పిలుపు వచ్చింది. ఆ కుర్రాడు నర్సు వచ్చినప్పుడల్లా లేచి కుర్చీ ఇచ్చేవాడు. ఇద్దరూ యుద్ధం గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోగా నేను వినలేదు.

డిసెంబరు 15న గాజాలోని షుజాయియాలో, బందీలుగా ఉండి ఎలాగో బయటపడిన ముగ్గురు ఇజ్రాయెలీలు చొక్కాలు విప్పి, కర్రకు తెల్లగుడ్డ కట్టుకుని వస్తుంటే, ఇజ్రాయెల్ సైనికులే కాల్చి చంపారు. దేశమంతా ఏడ్చింది. సవ్‌తా టీవీ ఆపమని, "తెల్లగుడ్డ పట్టుకున్నది మనవాళ్లు కాకపోయి ఉంటే మనకు ఈ వార్త తెలిసేదా?" అని మనవడిని అడిగారు. అతను తల దించుకున్నాడు. సైనికుడికీ సామాన్యుడికీ తేడా చూడాలన్న నియమం యుద్ధనీతికి మూలస్తంభం. ఎవరు వస్తున్నారో తెలియకముందే తెల్లగుడ్డ మీద కాల్పులు జరిగాయంటే, ఆ స్తంభం అప్పటికే బీటలు వారిందన్నమాట.

ఆ సాయంత్రమే ఆమె మనవడికి కఫ్ర్ కాసిమ్ కథ చెప్పారు. 1956 అక్టోబరు 29న, ఈజిప్టుతో సీనాయి యుద్ధం మొదలైన రోజు, ఇజ్రాయెల్‌లోని ఆ అరబ్బు గ్రామంలో సాయంత్రం 5 గంటల నుంచి కర్ఫ్యూ పెట్టారు. గ్రామ పెద్దకు చెప్పింది అరగంట ముందు. పొలాల్లో ఉన్నవాళ్లకు తెలియదు. పని ముగించుకుని ఇళ్లకు వస్తున్న ఆడవాళ్లతో, పిల్లలతో సహా 49 మందిని సరిహద్దు పోలీసులు కాల్చి చంపారు. ఆదేశం పాటించామని వాళ్లు కోర్టులో చెప్పుకున్నారు. చట్టవిరుద్ధమని చూడగానే తెలిసే ఆదేశాల మీద హెచ్చరికగా నల్లజెండా ఎగురుతూ ఉంటుందనీ, దాన్ని చూసిన సైనికుడు ఆదేశాన్ని ధిక్కరించి తీరాలనీ న్యాయమూర్తి బెంజమిన్ హలేవి తీర్పు ఇచ్చారు. దోషులందరూ కొద్ది ఏళ్లలోనే విడుదలయ్యారన్నది వేరే విషయం, సిగ్గుపడవలసిన విషయం. కానీ శత్రువుగా చూసే జాతి ప్రాణాల కోసం, సొంత సైనికులను దోషులుగా నిలబెట్టిన తీర్పు ఆ దేశపు కోర్టు నుంచే వచ్చింది. ఇజ్రాయెల్‌ను విమర్శించడానికి బయటి నీతి తేనక్కరలేదని నేను అనడానికి కారణం అదే.

హమాస్ జనావాసాల కింద సొరంగాలు తవ్వింది, దానికి పాపం హమాస్‌దే అనే వాదన అక్కడ రోజూ వినిపించేది. హమాస్ చేసింది నేరమే. అయినా బాంబు వేసేవాడి బాధ్యత అందువల్ల రద్దు కాదు, కింద ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకునే వేయాలి. గాజా ఆరోగ్య శాఖ లెక్కలో 2025 నడిమికే మృతులు 50 వేలు దాటారు, వాళ్లలో పిల్లలు వేలల్లో ఉన్నారు. 2025 మార్చి 2 నుంచి వారాల తరబడి తిండి గింజలను కూడా ఆపేశారు. ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరవును అధికారికంగా నిర్ధారించారు. పసివాళ్ల తిండి ఆపడానికి ఏ సొరంగం సమాధానం అవుతుంది?

దేవుడిచ్చిన భూమి కాబట్టి ప్రశ్నించకూడదని మా సంఘంలో ఇప్పటికీ అనేవారున్నారు. వాళ్లకు నాబోతు ద్రాక్షతోటను గుర్తుచేస్తాను. ఇశ్రాయేలు రాజైన అహాబు ఒక సామాన్యుడి తోట మీద ఆశపడ్డాడు, రాణి అతణ్ణి చంపించింది, రాజు తోటను స్వాధీనం చేసుకోవడానికి వెళ్లాడు. ఆ రాజు ఎదుటికి దేవుడు ప్రవక్త ఏలీయాను పంపింది మెచ్చుకోవడానికి కాదు. ఏర్పరచుకున్న ప్రజల రాజుకే ఒక తోట విషయంలో అంత కఠినమైన తీర్పు వచ్చిందని చదివిన మనం, వేల ఇళ్ల విషయంలో ఎందుకు మౌనంగా ఉండాలి?

ఎవరి వైపు నిలబడతారని మీరు చివర్లో అడిగారు. ఇజ్రాయెల్ ఉండాలి, దాని ప్రజలు సైరన్ లేకుండా నిద్రపోవాలి. పాలస్తీనాకు తన రాజ్యం, తన పాస్‌పోర్టు, తన కోర్టు ఉండాలి. అక్టోబరు 7 చేసినవాళ్లూ, గాజాను ఆకలితో మాడ్చినవాళ్లూ విచారణకు నిలబడాలి. అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2024 నవంబరులో అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్‌లతో పాటు హమాస్ సైనిక నాయకుడి మీద కూడా వారెంట్లు ఇవ్వడం నాకు సరైన దారిగా తోచింది.

సవ్‌తా 2024 వసంతంలో, నిద్రలో, ప్రశాంతంగా పోయారు. ఏడు రోజుల సంతాపంలో నర్సు కూడా వచ్చింది. సామాను పంచుతూ సవ్‌తా కూతురు రోలును తెచ్చి, దాని కథ చెప్పి, నువ్వు తీసుకుంటావా అని నర్సును అడిగింది. నర్సు దాని గుంటలో వేళ్లు పెట్టి కొంతసేపు తడిమి, "ఇది మా వాళ్లదని ఎలా చెప్పను? ఎవరిదో తెలియకుండా నేను తీసుకోకూడదు" అంది. నేను ఆ దేశం వదిలి వచ్చేనాటికి రోలు ఆ వంటింటి గట్టు మీదే ఉంది.