వైద్యం చదవని మేనేజర్ మాట నర్సులు వింటారా?

ప్రశ్న: హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో పీజీ చివరి ఏడాది చదువుతున్నాను. వైద్యం, నర్సింగ్ చదవలేదు. మేనేజర్‌గా చేరితే నర్సులు, టెక్నీషియన్లు, వార్డు సిబ్బందితో ఎలా మాట్లాడాలి? నా మాట వింటారా?

జవాబు: వింటారు. తాము చెప్పిన సమస్య మీ దగ్గర ఆగిపోతోందా, కదులుతోందా అన్నదే వాళ్లు గమనిస్తారు.

డ్యూటీలో ఉన్న నర్సుకు మెయిల్ చూసే తీరిక ఉండదు. గ్లోవ్స్ వేసుకున్న చేత్తో ఫోన్ పట్టుకోలేరు. రోస్టర్ (డ్యూటీల పట్టిక) మార్పును వాట్సాప్ గ్రూపులో పడేసి చెప్పేశాం అనుకోవద్దు. షిఫ్టు మారేటప్పుడు, పేషెంట్ల హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టుకు అప్పగింత) అయ్యాక, వార్డులోనే నిలబడి 10 నిమిషాలు మాట్లాడండి: ఈ పూట ఎవరు రాలేదు, ఏ పరికరం పనిచేయట్లేదు, ఏ మందు నిండుకుంది. నైట్ షిఫ్టు దగ్గరికి విడిగా వెళ్లాల్సిందే. లేకపోతే పగలు చెప్పింది రాత్రికి పుకారై చేరుతుంది.

మార్పు చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పండి. ‘సోమవారం నుంచి మందుల ఇండెంట్ (కావాల్సిన మందుల జాబితా) ఉదయం 10కల్లా పంపాలి, ఆలస్యమైతే సాయంత్రం డోసులకు అందట్లేదు, అత్యవసరమైతే ఎప్పటిలాగే ఫోన్ చేయండి.’ తర్వాత ‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు. ‘10 దాటితే ఏం చేస్తారు?’ అని అడగండి. తలో జవాబు వస్తే మీరు చెప్పింది స్పష్టంగా లేనట్టే.

అసలు కష్టం వినడంలో ఉంది. ఇన్‌ఫ్యూజన్ పంపు (సెలైన్, మందులను కొలత ప్రకారం ఎక్కించే యంత్రం) ఊరికే అలారం కొడుతోందని ఒక నర్సు చెప్పారనుకోండి. సమస్య, తేదీ, ఎవరికి అప్పగించారు, ఎప్పటికి అవుతుంది అన్నవి వార్డు బోర్డు మీద రాయండి. 48 గంటల్లో జవాబు ఇవ్వండి, అది ‘ఈ నెల కుదరదు, కారణం ఇదీ’ అయినా సరే. రెండుసార్లు జవాబు రాకపోతే మూడోసారి ఎవరూ చెప్పరు. అలారం సౌండ్ తగ్గించి పని కానిచ్చేస్తారు. ఆ తర్వాత నిజంగా మోగాల్సిన రోజున అది ఎవరికీ వినపడదు.

పొరపాటు జరిగినప్పుడు ‘ఎవరు చేశారు?’ అని మొదలుపెడితే రిపోర్టులు రావడం ఆగిపోతుంది. ‘ఏం జరిగింది?’ అని, అదీ నలుగురిలో కాకుండా అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, కోత పెట్టేముందు టీమంతా తమ పేరు, బాధ్యత చెప్పుకోవాలని ఉంది. ఒకసారి గొంతు విప్పినవాళ్లకు తేడా కనిపించినప్పుడు చెప్పడం తేలికవుతుంది. మీ 10 నిమిషాల్లోనూ వార్డు బాయ్ సహా అందరినీ పేరుతో పలకరించి, మాట్లాడించండి.

ఇంటర్న్‌షిప్‌లో బిల్లింగ్ సెక్షన్‌కే పరిమితం కావద్దు. వార్డు ఇన్‌చార్జి అనుమతితో రెండు నైట్ షిఫ్టులైనా చూడండి. ఏ వేళ మాట్లాడొచ్చో, ఏ వేళ పక్కకు తప్పుకోవాలో తెలుస్తుంది.