ఉపగ్రహ రిటర్న్ ఛానెల్‌పై ప్రాజెక్టు: ఎంచుకోదగ్గ అంశమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఉపగ్రహ డేటా నెట్‌వర్కుల్లో స్ప్రెడ్ స్పెక్ట్రమ్ రిటర్న్ ఛానెళ్లపై ప్రాజెక్టు చేస్తానంటోంది. ఫోన్లలో సీడీఎంఏ పోయింది కాబట్టి ఇది పాతబడిన విద్య అని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: స్ప్రెడ్ స్పెక్ట్రమ్ అంటే సిగ్నల్‌ను ఒక కోడ్ సాయంతో అవసరానికి మించి వెడల్పైన బ్యాండ్‌లోకి విస్తరించి పంపడం. ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఇచ్చి ఒకే బ్యాండ్‌ను అందరికీ పంచే సీడీఎంఏ కూడా దీనిపైనే ఆధారపడింది. నాలుగో తరం మొబైల్ నెట్‌వర్కులు సీడీఎంఏను వదిలి, సమాచారాన్ని అనేక సన్నని ఫ్రీక్వెన్సీలపై పంచి పంపే ఓఎఫ్‌డీఎమ్‌కు మారిన మాట నిజమే కానీ, దాన్నిబట్టి ఉపగ్రహ రంగాన్ని అంచనా వేయడం సరికాదు. టెర్మినల్ (వినియోగదారుని పరికరం) నుంచి ఉపగ్రహం మీదుగా హబ్‌కు (నెట్‌వర్క్‌ను నడిపే భూకేంద్రానికి) డేటా చేరే మార్గమే రిటర్న్ ఛానెల్; అందులో ఎదురయ్యే ఇబ్బందులు వేరు. ఓడపైనో విమానంపైనో అమర్చే చిన్న యాంటెన్నా పుంజం వెడల్పుగా ఉంటుంది కాబట్టి, అది పంపే శక్తిలో కొంత పక్క ఉపగ్రహాలపై కూడా పడుతుంది. అందుకే పక్క దిశల్లోకి వెళ్లే శక్తి సాంద్రతపై పరిమితులు ఉన్నాయి. అదే సిగ్నల్‌ను వంద రెట్లు వెడల్పైన బ్యాండ్‌లోకి విస్తరిస్తే ఆ సాంద్రత 20 డెసిబెల్స్ తగ్గుతుంది. హబ్‌లోని రిసీవర్ తనకు తెలిసిన కోడ్ సాయంతో సిగ్నల్‌ను తిరిగి రాబట్టుకుంటుంది.

ఇక్కడ స్ప్రెడ్ స్పెక్ట్రమ్‌ను వాడటానికి రెండో కారణం నిరీక్షణ. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉండటం వల్ల, టైమ్ స్లాట్ (ప్రసారానికి కేటాయించే సమయం) కోసం హబ్‌ను అడిగి అనుమతి పొందేసరికే సుమారు అర సెకను గడిచిపోతుంది. కొన్ని పదుల బైట్ల సెన్సర్ సమాచారానికి ఇంత తతంగం దండగ. అడగకుండానే పంపే అలోహా పద్ధతి 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో మొదలైంది. ప్యాకెట్లు ఒకదానితో ఒకటి ఢీకొనడం వల్ల దాని మూల రూపంలో ఛానెల్ వినియోగం 18.4 శాతం దాటదు. దీనికి స్ప్రెడ్ స్పెక్ట్రమ్‌ను జోడించి, అర్థమైన ప్యాకెట్‌ను మొత్తం సిగ్నల్ నుంచి తీసివేస్తూ మిగిలినవాటిని చదివే రిసీవర్లపై యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ పరిశోధకులు చెప్పుకోదగ్గ కృషి చేశారు. నా దృష్టిలో ఈ అంశానికి అసలు ప్రాణం అక్కడే ఉంది.

అలాగని ఇది ప్రతి అవసరానికీ సరిపోతుందని కాదు. ఎడతెగకుండా పెద్ద ఫైళ్లు పంపే టెర్మినళ్లకు సమయాన్ని, ఫ్రీక్వెన్సీని పంచి ఇచ్చే ఎంఎఫ్-టీడీఎంఏ పద్ధతే సాధారణంగా మెరుగు. ఉపగ్రహ రిటర్న్ ఛానెళ్ల కోసం రూపొందిన డీవీబీ-ఆర్‌సీఎస్2 ప్రమాణం కూడా ప్రధానంగా దాన్నే ఆధారం చేసుకుంది. కాబట్టి ఒక పద్ధతిని సమర్థించే ప్రాజెక్టు కన్నా, ట్రాఫిక్ పెరిగేకొద్దీ రెండింటిలో ఏది ఎక్కడ తడబడుతుందో అనుకరణ ద్వారా పోల్చి చూపే ప్రాజెక్టు ఎక్కువ విలువైనది.

ఉద్యోగాల విషయానికొస్తే, ఈ పేరుతో ప్రత్యేక కొలువు వెతికితే దొరకడం కష్టం. లింక్ బడ్జెట్ (పంపిన శక్తిలో అవతలికి ఎంత చేరుతుందనే లెక్క) వేయడం, కోడ్ జాడ పట్టి సమకాలీకరణ సాధించడం, రిసీవర్‌ను సీ++లోనో ఎఫ్‌పీజీఏ (అవసరానికి తగ్గట్టు మలచుకోగల చిప్) పైనో నిర్మించడం మాత్రం మోడెమ్ తయారీలో, ఉపగ్రహ ఐఓటీలో (సెన్సర్ల వంటి పరికరాలను ఉపగ్రహం ద్వారా అనుసంధానించే రంగంలో) అక్కరకొస్తాయి. జీపీఎస్ సిగ్నళ్లు కూడా స్ప్రెడ్ స్పెక్ట్రమ్‌వే కాబట్టి నావిగేషన్ రిసీవర్ల రంగమూ ఆమెకు అందుబాటులో ఉంటుంది.

అంశం ఖరారు చేసుకునే ముందు గైడ్‌తో ఒక్క విషయం తేల్చుకోమనండి. వైట్ నాయిస్‌లో (అన్ని ఫ్రీక్వెన్సీల్లో సమానంగా ఉండే రొదలో) ఒకే వినియోగదారునికి బిట్ ఎర్రర్ గ్రాఫ్ గీయడంతోనే ప్రాజెక్టు ముగిసేటట్లయితే, వేరే అంశం చూసుకోవడం మంచిది. ఒకే సమయంలో పదుల సంఖ్యలో టెర్మినళ్లు వేర్వేరు శక్తి స్థాయిలతో ప్రసారం చేసే పరిస్థితిని పరీక్షించడానికి ఆయన ఒప్పుకుంటే, సందేహించకుండా అనుమతించండి.